ప్రజల వోటు, ప్రతినిధుల వోటు: రాష్ట్రపతి ఎన్నికలో న్యాయం

గ్రామ పంచాయతీ సభ్యుడు మొదలు లోకసభ సభ్యుని వరకు తమ ప్రతినిధులను భారత ప్రజలు స్వయంగా ఎన్నుకొంటారు. కాని దేశాధినేత అయిన రాష్ట్రపతి ఎన్నికలో సామాన్య వోటరుకు ప్రత్యక్షంగా పాత్ర లేదు. పార్లమెంటు సభ్యులు, రాష్ట్ర శాసనసభ్యులు కలిసి ఏర్పడే నిర్వాచక మండలి, అనగా ఎలక్టొరల్ కాలేజి, ఆ ఎన్నిక జరుపుతుంది. కోట్లాది ప్రజలు వేయవలసిన వోటును కొద్ది వేలమంది వేయడం న్యాయమేనా? ప్రజాస్వామ్య సూత్రానికి ఇది అనుగుణమైనదేనా? పౌరశాస్త్రం చదివే విద్యార్థులకు సహజంగా కలిగే సందేహమిది.

ఈ సందేహానికి సమాధానం వెతికే ముందు ఒక విషయం గుర్తించడం అవసరం. వోట్లను లెక్కించే పద్ధతి ఏదైనా, దానిని విడిగా చూసి న్యాయమైనదనో అన్యాయమైనదనో తీర్పు చెప్పలేము. ఎన్నుకొనే పదవి ఎటువంటిది, ప్రతి వోటు వెనుక ఎంతమంది ప్రజలున్నారు అనే రెండు ప్రశ్నలను బట్టి దాని మంచిచెడ్డలు తేలుతాయి. ఈ రెండు ప్రశ్నలను దగ్గర పెట్టుకొని మన పద్ధతిని, ఇతర దేశాల పద్ధతులను పరిశీలిద్దాం.

రాజ్యాంగ సభలో జరిగిన వాదం

రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న ఆలోచన రాజ్యాంగ సభలో రాకపోలేదు. 1948 డిసెంబరులో ప్రొఫెసర్ కె.టి. షా ఇందుకోసం ఒక సవరణను ప్రతిపాదించారు. వయోజనులందరి వోటుతో ఎన్నికైన రాష్ట్రపతి మాత్రమే యావత్తు ప్రజల ప్రతినిధిగా, ఏ పార్టీకీ లోబడకుండా నిలబడగలడని ఆయన అభిప్రాయం.

డాక్టర్ అంబేద్కర్ ఈ సవరణను అంగీకరించలేదు. వోటర్ల సంఖ్య అపారంగా ఉంటుందని, అంతమందితో ఎన్నిక జరపడానికి కావలసిన యంత్రాంగం లేదని ఆయన అన్నారు. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి చెప్పారు. మన రాష్ట్రపతి అమెరికా అధ్యక్షుని వంటివాడు కాదు. నిజమైన అధికారం మంత్రివర్గానిది, ఆ మంత్రివర్గం శాసనసభకు జవాబుదారీ. అటువంటప్పుడు అధికారం లేని పదవికి దేశమంతటా ఎన్నిక జరపడంలో అర్థం లేదు. అంతకుముందు 1947 జూలైలో జవహర్‌లాల్ నెహ్రూ కూడ ఇదే దృష్టితో మాట్లాడారు. ప్రజలందరి వోటుతో గెలిచిన వ్యక్తికి అధికారాలు ఇవ్వకపోవడం అసంగతంగా ఉంటుందని ఆయన భావం. ప్రజలచేత నేరుగా ఎన్నికైన ఇద్దరు నాయకులు ఒకే ప్రభుత్వంలో ఉంటే, ఎవరి మాట చెల్లాలన్న పేచీ ఏదో ఒకనాడు రాక తప్పదు.

అంబేద్కర్ చెప్పిన కారణాలలో మొదటిది ఈనాడు నిలవదు. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలలోనే 17 కోట్లకు పైగా వోటర్లతో ఎన్నికలు జరిగాయి. 2024 లోకసభ ఎన్నికలలో 64 కోట్లకు పైగా ప్రజలు వోటు వేశారు. యంత్రాంగం చాలదన్న మాట ఇక అనలేము. రెండవ కారణం మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. పార్లమెంటరీ విధానం ఉన్నంతకాలం పదవికి తగిన ఎన్నిక అన్న వాదం నిలుస్తుంది.

పార్లమెంటు సభ్యులు మాత్రమే ఎన్నుకొంటే రాష్ట్రపతి కేంద్రంలోని మెజారిటీ పక్షానికి ప్రతినిధిగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. అందుచేత రాష్ట్రాల శాసనసభ్యులకు కూడ ఎన్నికలో సమాన స్థానం కల్పించారు. రాజ్యాంగం 54వ అధికరణం వోటర్లు ఎవరో చెబుతుంది. వారి వోట్ల విలువను లెక్కకట్టే విధానం 55వ అధికరణంలో ఉన్నది.

వోటు విలువ కట్టే విధానం

రాష్ట్రపతి ఎన్నికలో శాసనసభ్యులందరి వోటు ఒకే విలువ కలిగి ఉండదు. రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదానిలో ఎన్ని వేలున్నాయో చూస్తారు. ఆ సంఖ్యే ఒక్కొక్క సభ్యుని వోటు విలువ. శేషం ఐదువందలకు తగ్గకుండా ఉంటే ఒకటి కలుపుతారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉదాహరణ చూద్దాం. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 4,35,02,708. శాసనసభ్యులు 294 మంది. భాగించగా దాదాపు 1,47,968 వస్తుంది. కనుక ఒక్కొక్కరి వోటు విలువ 148. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఆ జనాభాను రెండుగా విడదీసి లెక్క కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది సభ్యులకు ఒక్కొక్క వోటు విలువ 159, తెలంగాణలో 119 మంది సభ్యులకు 132 అయింది. ఒకరి విలువ పెరిగింది, మరొకరిది తగ్గింది. కాని రెండు రాష్ట్రాల మొత్తం 43,533. విడిపోకముందు మొత్తం 43,512. అంటే ప్రజల బరువు ఎక్కడికీ పోలేదు, దానిని పంచుకొనే సభ్యుల సంఖ్య మాత్రమే మారింది.

ఉత్తరప్రదేశ్ శాసనసభ్యుని వోటు విలువ 208. తమిళనాడు సభ్యునిది 176, కేరళ సభ్యునిది 152. సిక్కిం సభ్యునిది కేవలం 7. 1992లో జరిగిన 70వ రాజ్యాంగ సవరణ వల్ల ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలకు కూడ ఈ ఎన్నికలో స్థానం లభించింది. పుదుచ్చేరిలో భాగమైన యానాం తెలుగు ప్రాంతం. అక్కడి శాసనసభ్యుని వోటు విలువ 16 కాగా, దానిని చుట్టుకొని ఉన్న ఆంధ్రప్రదేశ్ సభ్యుని వోటు విలువ 159. ఇందులో యానాం సభ్యునికి చిన్నతనం ఏమీ లేదు. ఆయన తక్కువమంది పక్షాన వోటు వేస్తున్నాడు, అంతే.

రాష్ట్రాల వోట్ల విలువలన్నీ కూడగా వచ్చిన మొత్తాన్ని పార్లమెంటుకు ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని వోటు విలువ వస్తుంది. 2022 ఎన్నికలో రాష్ట్రాల మొత్తం 5,43,231. దానిని 776తో భాగించగా 700 వచ్చింది. ఈ విధంగా కేంద్రం ఒక పళ్ళెంలోను, రాష్ట్రాలన్నీ మరొక పళ్ళెంలోను దాదాపు సమానంగా తూగుతాయి. ఆ ఎన్నికలో శ్రీమతి ద్రౌపది ముర్ముకు 6,76,803 విలువగల వోట్లు, శ్రీ యశ్వంత్ సిన్హాకు 3,80,177 విలువగల వోట్లు లభించాయి.

నామినేట్ అయిన సభ్యులకు, శాసనమండలి సభ్యులకు ఇందులో వోటు లేదు. రాజ్యసభకు పన్నెండుమందిని నామినేట్ చేసేది రాష్ట్రపతే కనుక, వారు తిరిగి ఆయననే ఎన్నుకోవడం ఉచితం కాదు.

1969 నేర్పిన పాఠం

గెలవడానికి అందరికంటె ఎక్కువ వోట్లు వస్తే చాలదు. చెల్లిన వోట్ల విలువలో సగానికి మించి రావాలి. అందుకే వోటరు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని తన ఎంపికను వరుసగా గుర్తిస్తాడు. ఈ నియమం అవసరం 1969లో స్పష్టంగా కనిపించింది.

డాక్టర్ జాకిర్ హుస్సేన్ ఆ ఏడాది మే నెలలో మరణించగా ఆగస్టులో ఎన్నిక జరిగింది. ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువారి మధ్య జరిగింది. ఒకరు బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, మరొకరు అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి. మూడవ ముఖ్య అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలుపుకు 4,18,169 కావాలి. ఎవరికీ అంత రాలేదు. తక్కువ వోట్లు వచ్చినవారిని వరుసగా తొలగించి, వారి వోట్లలోని తరువాతి ఎంపికలను పంచగా గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి.

ఈ అంకెలను కొంచెం నిదానంగా చూడాలి. మొదట ఇద్దరి మధ్య తేడా 87,967. చివరకు అది 14,650కి తగ్గింది. పంపకంలో సంజీవరెడ్డికి 91,879 కలిస్తే గిరికి 18,562 మాత్రమే కలిశాయి. మొదటి ఎంపికలను మాత్రమే లెక్కించి ఉంటే గిరి ఘనవిజయం సాధించినట్లు కనిపించేది. తొలగిపోయిన అభ్యర్థుల మద్దతుదారులు ఎటు మొగ్గారో దేశానికి తెలిసేది కాదు. వోటు రహస్యం కావడం, ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం వోటు వేయమని కోరడం ఆ ఎన్నికకు ప్రత్యేకతను తెచ్చాయి. నిర్వాచక మండలి పార్టీల నిర్ణయాలపై ముద్ర వేసే యంత్రం మాత్రమే కాదని ఆనాడు రుజువైంది. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు.

అమెరికా అనుభవం

నిర్వాచక మండలి అనగానే ప్రపంచానికి గుర్తుకు వచ్చేది అమెరికా. అక్కడి అధ్యక్షుడు నిజమైన అధికారం గలవాడు, ప్రజలు ఆయన పేరు చూసే వోటు వేస్తారు. అయినా చట్టప్రకారం ఆయనను ఎన్నుకొనేవారు 538 మంది నిర్వాచకులు. గెలవడానికి 270 కావాలి. ప్రతినిధుల సభలో ఒక రాష్ట్రానికి ఉన్న స్థానాలకు సెనేట్‌లోని రెండు స్థానాలు కలిపితే ఆ రాష్ట్ర నిర్వాచకుల సంఖ్య వస్తుంది. 1961 నాటి 23వ సవరణతో రాజధాని ప్రాంతానికి మరో ముగ్గురు లభించారు.

1787లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన రాజ్యాంగ నిర్మాతలు ఈ పద్ధతిని ఒక రాజీగా ఏర్పరచారు. చిన్న రాష్ట్రాల భయం అందుకు ఒక కారణం. బానిసత్వం మరొక కారణం. దక్షిణాది రాష్ట్రాలలో బానిసలకు వోటు లేదు. కాని ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించేటప్పుడు ఒక్కొక్క బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కించారు. వోటు లేనివారి సంఖ్య వారి యజమానుల రాష్ట్రాలకు బలమైంది.

ఈ పద్ధతిలో రెండు వక్రతలు ఉన్నాయి. మొదటిది చిన్న రాష్ట్రాలకు లభించే అదనపు బరువు. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో దాదాపు 1,92,000 మందికి ఒక నిర్వాచకుడు ఉండగా, కాలిఫోర్నియాలో దాదాపు 7,32,000 మందికి ఒకడు. రెండవది ఇంకా పెద్దది. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన 48 రాష్ట్రాలలో ఒక్క వోటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రంలోని నిర్వాచకులందరూ ఒక్కరికే దక్కుతారు. ఓడిన అభ్యర్థికి పడిన లక్షలాది వోట్లు ఆ రాష్ట్రపు సరిహద్దు వద్దనే ఆగిపోతాయి.

ఫలితంగా 1876, 1888, 2000, 2016 సంవత్సరాలలో ప్రజల వోట్లు తక్కువ వచ్చిన అభ్యర్థి అధ్యక్షుడయ్యాడు. 2000లో ఆల్ గోర్‌కు దేశమంతటా దాదాపు 5,44,000 వోట్లు ఎక్కువ వచ్చినా, ఫ్లారిడాలో 537 వోట్ల తేడాతో జార్జి బుష్ గెలిచారు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ వోట్లు వచ్చినా డోనాల్డ్ ట్రంప్ గెలిచారు.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. అమెరికా రాష్ట్రాల సమాఖ్య కనుక అధ్యక్షునికి అనేక ప్రాంతాల మద్దతు అవసరమని, కొన్ని మహానగరాల మెజారిటీ చాలదని వారంటారు. వోట్ల తగాదా వచ్చినా అది ఒక రాష్ట్రానికి పరిమితమవుతుందని కూడ చెబుతారు. కాని పదవి ఎటువంటిదన్న ప్రశ్న వేస్తే ఈ వాదం బలం కొంత తగ్గుతుంది. యావత్తు ప్రజలపై ప్రత్యక్షాధికారం గల వ్యక్తి ఎన్నికలో ప్రజల మెజారిటీ ఓడిపోవడం సమర్థించడానికి కష్టమైన విషయం. 1969లోనే ప్రతినిధుల సభ ప్రత్యక్ష ఎన్నికకు అనుకూలంగా రాజ్యాంగ సవరణను ఆమోదించింది. మరుసటి సంవత్సరం అది సెనేట్‌లో ఆగిపోయింది.

పొరుగు దేశాలు

దక్షిణాసియాలో ఇదే ప్రశ్నకు వేరువేరు సమాధానాలు కనిపిస్తాయి. శ్రీలంక 1978 రాజ్యాంగం ద్వారా అధికారాలు గల అధ్యక్ష పదవిని ఏర్పరచి, దానికి ప్రత్యక్ష ఎన్నికను నిర్దేశించింది. 1982లో అటువంటి తొలి ఎన్నిక జరిగింది. వోటరు ముగ్గురి వరకు వరుస ఎంపికలు గుర్తించవచ్చు. 2024లో మొదటిసారిగా ఎవరికీ సగానికి మించి రాకపోగా తరువాతి ఎంపికలను లెక్కించవలసి వచ్చింది. మనకు 1969లో ఎదురైన పరిస్థితి ప్రజల వోటులోనూ ఎదురైందన్న మాట.

పాకిస్థాన్ అధ్యక్షుని పార్లమెంటు ఉభయసభలు, నాలుగు రాష్ట్రాల శాసనసభలు కలిసి ఎన్నుకొంటాయి. కాని అక్కడ రాష్ట్రాలన్నింటి బరువు సమానం. సభ్యుల సంఖ్య అతి తక్కువగా ఉన్న బలూచిస్థాన్ శాసనసభకు 65 స్థానాలు కనుక, 371 స్థానాలుగల పంజాబ్ శాసనసభ వోట్లను కూడ 65కు కుదించి లెక్కిస్తారు. 2023 జనాభా లెక్కల ప్రకారం పంజాబ్ జనాభా బలూచిస్థాన్ జనాభాకు ఎనిమిది రెట్లకు పైగా ఉన్నది. అక్కడ శాసనసభల వోట్లను కట్టడంలో ప్రజల సంఖ్య కంటె రాష్ట్రాల సమానతకు ప్రాధాన్యం లభించింది.

మన పద్ధతిలోని లోపాలు

ఈ పోలికలో మన పద్ధతి మెరుగ్గా కనిపిస్తుంది. శాసనసభ్యుల వోటు జనాభాను అనుసరిస్తుంది. ఒక రాష్ట్రంలోని వోట్లన్నీ ఒక్కరికే దక్కాలన్న నియమం లేదు. అయినా లోపాలు లేవని చెప్పలేము.

ఒకటి, పార్లమెంటు సభ్యులందరి వోటు విలువ సమానం కావడం వల్ల చిన్న రాష్ట్రాలకు కొంత అదనపు బరువు వస్తుంది. సిక్కిం శాసనసభ్యులు 32 మంది వోట్ల విలువ మొత్తం 224 కాగా, ఆ రాష్ట్రం నుంచి ఎన్నికైన ఇద్దరు పార్లమెంటు సభ్యుల విలువ 1,400. ఇది సమాఖ్యలో చిన్నవారికి ఇచ్చిన వెసులుబాటుగా భావించవచ్చు.

రెండు, సభ్యుల సంఖ్య ప్రజల వోట్లకు సరియైన ప్రతిబింబం కాదు. 1984 లోకసభ ఎన్నికలలో కాంగ్రెసుకు వచ్చిన వోట్లు సగానికి కొంచెం తక్కువ. వచ్చిన స్థానాలు 514లో 404. అటువంటి సభ్యులు వేసే వోటు ద్వారా ప్రజాభిప్రాయం రాష్ట్రపతి ఎన్నికకు చేరేటప్పటికి దాని ఆకారం మారిపోతుంది.

మూడు, శాసనసభ రద్దయిన రాష్ట్రానికి ఆ భాగంలో గొంతు ఉండదు. 1974లో గుజరాత్ శాసనసభ రద్దయి ఉండగా, ఎన్నిక ఆపనవసరం లేదని సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. 2022లో జమ్మూ కాశ్మీర్‌లో శాసనసభ లేకపోవడం వల్లనే పార్లమెంటు సభ్యుని వోటు విలువ 708 నుంచి 700కు తగ్గింది.

1971 జనాభా: అసలు చిక్కు

పై లోపాలన్నింటికంటె లోతైనది మరొకటి ఉన్నది. మన పద్ధతిలో ప్రతి వోటు వెనుక ప్రజలున్నారని చెప్పుకొన్నాం. కాని ఆ ప్రజలు 1971 నాటివారు. 1976లో 42వ సవరణ ద్వారా జనాభా అంకెను అక్కడ నిలిపివేశారు. 2000 తరువాత జరిగే తొలి జనాభా లెక్కల వరకు అని అప్పుడు గడువు పెట్టారు. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తరువాత జరిగే తొలి జనాభా లెక్కల వరకు పొడిగించింది. లోకసభ స్థానాలను రాష్ట్రాలకు పంచడం కూడ 1971 అంకెల ప్రకారమే జరిగింది. కనుక నిర్వాచక మండలిలోని రెండు పళ్ళాలూ ఆనాటి జనాభాతోనే తూగుతూ వచ్చాయి.

ఇందుకు కారణం ఉన్నది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా అమలు జరిపిన రాష్ట్రం అందువల్లనే ప్రాతినిధ్యాన్ని కోల్పోతే అది సత్కార్యానికి శిక్ష విధించినట్లవుతుంది. 1971 నుంచి 2011 వరకు గడచిన నలభై ఏళ్ళలో కేరళ జనాభా 2.13 కోట్ల నుంచి 3.34 కోట్లకు, తమిళనాడు జనాభా 4.12 కోట్ల నుంచి 7.21 కోట్లకు పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 4.35 కోట్ల నుంచి 8.46 కోట్లకు చేరింది. ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో జనాభా 8.38 కోట్ల నుంచి 19.98 కోట్లయింది.

2011 అంకెలను ఆధారం చేసుకొంటే ఉత్తరప్రదేశ్ శాసనసభ్యుని వోటు విలువ 208 నుంచి 496కు, కేరళ సభ్యునిది 152 నుంచి 239కి పెరుగుతుంది. మొత్తం మీద చూస్తే ఉత్తరప్రదేశ్ శాసనసభ బరువు కేరళ శాసనసభ బరువుకు 1971 లెక్కన నాలుగు రెట్లకు కొంచెం తక్కువ. 2011 లెక్కన దాదాపు ఆరు రెట్లు.

రెండు పక్షాలలోనూ న్యాయం ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లో 1971 తరువాత పుట్టిన పౌరుడు తానెందుకు లెక్కలోకి రాకూడదని అడిగితే అతని ప్రశ్న సబబైనదే. మనుషులందరికీ సమానమైన వోటు ఉండాలన్నది రాజ్యాంగానికి పునాది. జాతీయ విధానాన్ని పాటించినందుకు తమ మాట బలం తగ్గడమేమిటని కేరళ పౌరుడు, తెలుగు పౌరుడు అడిగితే ఆ ప్రశ్న కూడ సబబైనదే. సమాఖ్య విశ్వాసం మీద నిలబడుతుంది. అంకెను నిలిపి ఉంచడం మొదటివానికి అన్యాయం. ఏ ఏర్పాటూ లేకుండా ఒక్కసారిగా మార్చడం రెండవవానికి అన్యాయం. ఏ లెక్కనూ తటస్థమైన గణితమని చెప్పి తప్పించుకొనే వీలు లేదు.

రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొన్నంత మాత్రాన ఈ చిక్కు విడిపోదు. ప్రత్యక్ష వోటులో ఈనాటి జనసంఖ్యే నిర్ణాయకమవుతుంది కనుక, మొదటివాని ఫిర్యాదు తీరి రెండవవాని ఫిర్యాదు మిగులుతుంది. పైగా మంత్రివర్గంతో పోటీపడే మరొక అధికార కేంద్రం ఏర్పడుతుంది. కాబట్టి మనకు ముఖ్యమైన ప్రశ్న నిర్వాచక మండలి ఉండాలా వద్దా అన్నది కాదు. అందులో ఏనాటి ప్రజలను లెక్కించాలి, వ్యక్తికీ రాష్ట్రానికీ మధ్య తూకం ఎక్కడ నిలపాలి అన్నదే.

2025 జూన్‌లో వెలువడిన ప్రకటన, 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా తీసుకొని జనాభా లెక్కలు జరుగుతాయని తెలిపింది. కొత్త అంకెలు చేతికి వచ్చినప్పుడు ఎవరి వోటు విలువ ఎంత మారుతుందో లెక్కకట్టడానికి పాఠశాలలో నేర్చుకొన్న భాగహారం చాలు. ఆ మార్పును ఏ మేరకు, ఎంత కాలంలో అంగీకరించాలో మాత్రం భాగహారం చెప్పదు. 1948లో కె.టి. షా, అంబేద్కర్ తమ కారణాలను సభ ముందు బాహాటంగా ఉంచి వాదించుకొన్నారు. ఓడిన పక్షపు వాదం కూడ ఈనాటికీ గ్రంథాలయాలలో చదవడానికి దొరుకుతున్నది. ఈ కొత్త లెక్కను కూడ అదే విధంగా, ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాలు ఒకరి కారణాలు ఒకరు విని తేల్చుకోవలసి ఉన్నది.